బంధువులు: ఎవరూ లేరు

ఈ ఆట ఆడేవాళ్ల వీరులందరూ అనాథలే. నమ్మకపోతే ఏ బల్ల దగ్గరికైనా వెళ్లి, వాళ్లు రాసుకున్న పాత్ర కాగితాలు లాక్కుని చూడండి. బలం ఇంత, తెలివి ఇంత, చేతిలో గండ్రగొడ్డలి, పుట్టింది ఏవో మంచుకొండల్లో. అన్నీ తీరిగ్గా, ముచ్చటగా రాస్తారు. బంధువులు అనే గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే మాట: ఎవరూ లేరు. అమ్మని రాక్షసులు తినేశారు, నాన్న యుద్ధంలో పోయాడు, ఊరు తగలబడిపోయింది. ఇలా రాసేవాళ్లంతా ఆట అయ్యాక ఇంటికెళ్లి అమ్మ చేత అన్నం పెట్టించుకునేవాళ్లే.

దీనికి కారణం దుఃఖం కాదు, తెలివితేటలు. ఆట నడిపే సూత్రధారి బల్లకి అవతల కూర్చుని ఉంటాడు. కథ చెప్పేది అతనే, రాక్షసులని ఉసిగొల్పేదీ అతనే. మీ వీరుడికి ఒక చెల్లెలు ఉందని కాగితం మీద రాశారనుకోండి, మూడో వారం తిరక్కుండానే ఆ చెల్లెల్ని ఎవడో ఎత్తుకుపోతాడు. ఎవరూ లేనివాణ్ణి బెదిరించడానికి ఏమీ ఉండదు. అందుకని ఆట నేర్చిన ప్రతివాడూ ముందు తనవాళ్లని చంపేసుకుని, ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుంటాడు. ఇలాంటి మనుషుల మీద నాకు ఏనాడూ మంచి అభిప్రాయం లేదు.

మా తమ్ముడు శ్రీవత్స అలాంటివాళ్లలో మొదటి రకం. వాడికి ముప్ఫై ఆరేళ్లు, నాకు నలభై ఒకటి. అమ్మానాన్నా పోయారు. నేను పెళ్లి చేసుకోలేదు, వాణ్ణి ఎవరూ చేసుకోలేదు. పెదవాల్తేరులో ఒక మేడ, కింద మా ఇల్లు, పైన నా ప్రయోగశాల. నా పేరు నీరజాక్షి. మెదడు మీద పరిశోధన చేస్తాను. వాడు 'ఏడు కంచుకోటలు' అని తెలుగులో ఒక ఆట తయారు చేసి, దానికి నియమాల పుస్తకాలు రాస్తుంటాడు. ఇద్దరికీ ముక్కు మీదే కోపం. వాడికి కోపం వస్తే తలుపు దభాలున వేస్తాడు. రెండుసార్లు గడియ ఊడిపోతే మేస్త్రీని పిలిపించాను.

నా పరిశోధన అంతా ఒక నుదుటి పట్టీ గురించి. మనిషి తన గురించి తాను కలం పట్టి రాసుకుంటున్నప్పుడు మెదడులో కొన్ని దారులు మేలుకుంటాయి. ఏ మాటకి ఏ దారి మేలుకుందో పట్టీ పసిగడుతుంది. తర్వాత నాలుగు గంటల పాటు, రాసిన దాన్నిబట్టి కొన్ని దారులు వెడల్పు చేస్తుంది, కొన్ని మూసేస్తుంది. ఆపరేషన్ అంటే హడలిపోయే రోగులకి కాస్త ధైర్యం అరువిద్దామని మొదలుపెట్టాను. ఆరేళ్లు వరసగా విఫలమయ్యాను. ధైర్యం పెంచితే నిలిచేది కాదు, పది నిమిషాల్లో జారిపోయేది.

కిటుకు చెప్పింది మా తమ్ముడే, అది కూడా వెటకారంగా. మా ఆటలో ఇరవై పాయింట్లే ఇస్తాం, ధైర్యం పెంచుకోవాలంటే ఇంకోటి తగ్గించుకోవాల్సిందే, నీ మెదడు మా ఆటకంటే గొప్పదా అన్నాడు. ఒళ్లు మండింది. కానీ చేసి చూశాను. పని చేసింది.

మొదటి ప్రయోగానికి ఒక బ్యాంకు గుమాస్తా వచ్చాడు. వీధి కుక్క కనిపిస్తే రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లే మనిషి. తమ్ముడి పాత్ర కాగితాన్నే వాడాం. ఆరు గుణాలు, ఇరవై పాయింట్లు. ధైర్యానికి ఆరు రాసుకున్నాడు, ఓర్పుకి ఒకటే మిగిలింది. లోపం అనే గడిలో ఏదైనా రాస్తే రెండు పాయింట్లు అదనంగా ఇస్తారు. 'ఈత రాదు' అని రాసి, అవి కూడా నొక్కేశాడు. ఆ రోజు ఆట అంతా ఎడారిలో అని ముందే కనుక్కున్నాడట. పావుగంటలో పట్టీతోనే మెట్లు దిగి, సందు చివర పడుకున్న నాలుగు కుక్కల మధ్యనుంచి నడిచి వెళ్లాడు. మేం చప్పట్లు కొట్టాం. వెనక్కి వస్తూ, హారన్ కొట్టాడని ఒక ఆటోడ్రైవరు చొక్కా చింపేశాడు. ఓర్పు ఒకటే కదా. నాలుగు గంటలయ్యాక పట్టీ అతన్ని మామూలు మనిషిని చేసింది. కుక్కలున్నాయి, ఇంటిదాకా దిగబెడతారా అని మా టెక్నీషియన్ పైడిరాజుని బతిమాలుకున్నాడు.

మామూలు మనిషిని చెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. ఆటకి ముందు ప్రతివాడూ పట్టీ పెట్టుకుని ఇంకో కాగితం నింపాలి. దాన్ని అసలు కాగితం అంటాం. గడులన్నీ అవే, కానీ వీరుడి గురించి కాదు, తన గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆట అయ్యాక పట్టీ మనిషిని ఆ కాగితానికి తిరిగి తీసుకొస్తుంది. అందుకే అసలు కాగితంలోని ప్రతి మాటా నేను పైకి చదవాలి, రాసినవాడు అవునని తలూపాలి, అప్పుడు నేను సంతకం పెట్టాలి. ఈ నియమం పెట్టింది నేనే. తప్పింది కూడా నేనే.

ఆ రోజు పొద్దున్న మాకు గొడవైంది. వాడి కొత్త పుస్తకంలో పాత్రల తయారీ గురించి నలభై పేజీల అధ్యాయం ఉంది. మా ప్రయోగాలకి అది పనికిరాదని, వాణ్ణి అడక్కుండా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేశాను. పెసరట్టు తింటూ చూశాడు. నాలుగు నెలల పని అన్నాడు. కాగితం మనుషుల్ని తయారు చెయ్యడం తప్ప ఈ వయసులో నీకింకేం చేతనవుతుంది అన్నాను. అనకూడని మాటే, తెలిసే అన్నాను.

"నీలాంటి అక్క ఉండేకంటే ఎవరూ లేకపోవడం నయం" అని వాడు పెసరట్టు సగంలో వదిలేసి, తలుపు వేసి వెళ్లాడు. గోడ మీద క్యాలెండర్ ఊగింది.

ఆ మధ్యాహ్నమే ఆఖరి ప్రయోగం. ఆడాల్సిన నలుగురిలో ఒకడు జ్వరమని రాలేదు. ఆ కుర్చీలో వాడు కూర్చుంటానన్నాడు. అప్పటిదాకా వాడు ఒక్కసారి కూడా పట్టీ పెట్టుకోలేదు. మాట్లాడుకోవట్లేదు కాబట్టి ఆ సంగతి కూడా పైడిరాజు చేతే చెప్పించాడు. కూర్చుంటే కూర్చోమన్నాను. అసలు కాగితం నింపి బల్ల మీద నా వైపు తోశాడు. నేను దాని వంక చూడలేదు. వాడి చేతిరాత చూడాలన్నా చిరాకుగా ఉంది. అడుగున సంతకం గీకి, పైడిరాజు చేతిలో పెట్టాను. పైకి చదవరా మేడమ్ అన్నాడతను. వీడి చరిత్ర నాకు కొత్తగా చదవాలా అన్నాను.

నాలుగు గంటలు బాగానే ఆడారు. వాడు ఒంటికన్ను యోధుడయ్యాడు, గట్టిగా అరిచాడు, పాచికలు విసిరాడు. సమయం అయ్యాక పైడిరాజు మీటలు తిప్పి, అందర్నీ అసలు కాగితాలకి తెచ్చాడు. మిగతా ముగ్గురూ ఎప్పట్లాగే ఒళ్లు విరుచుకుని టీ అడిగారు. మా తమ్ముడు పట్టీ తీసి, దాని తీగని చుట్టలుగా చుట్టి, పెట్టెలో పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక తువ్వాలైనా మడత పెట్టగా నేను చూడలేదు.

"చాలా శ్రమ పడ్డారండీ. థాంక్స్" అన్నాడు నాతో.

వెటకారం అనుకున్నాను. మెట్లు దిగాడు. కింద తలుపు పడుతుందని చెవులు రిక్కించాను. చప్పుడు లేదు. తలుపు మెల్లగా చేరవేశాడు.

అప్పుడు కాగితాలు తెచ్చుకుని చూశాను. పాత్ర కాగితంలో బంధువుల గడిలో ఎవరూ లేరు. అది మామూలే, ఆట వరకే. అసలు కాగితంలో పేరు, వయసు, చదువు, భయాలు, ఇష్టాలు అన్నీ నిజమే రాశాడు. బంధువుల గడిలో మాత్రం అదే మాట. ఎవరూ లేరు. కింద నా సంతకం.

పట్టీకి వేళాకోళం తెలీదు. ఎవరూ లేరంటే ఎవరూ లేరనే. ఆట కోసం మూసిన దారిని, ఆట అయ్యాక అసలు కాగితం చూసి తెరవాలి. రెండు కాగితాల్లోనూ ఒకటే మాట ఉంటే ఇంకేం తెరుస్తుంది? మూసినది మూసినట్టే వదిలేసింది.

వాడు ఏదీ మర్చిపోలేదు. అదే ఘోరం. నేను ఎవరో తెలుసు, నా పుట్టినరోజు తెలుసు, అమ్మ చేసే ఆనపకాయ పులుసు తెలుసు. రేషన్ కార్డు చదివినట్టు చెప్పేవాడు. "రికార్డు ప్రకారం మీరు నాకు అక్కగారు" అన్నాడు రెండో రోజున. మర్యాదగా, తల కాస్త వంచి.

ఆ మర్యాదతో వాడు నన్ను చంపుకుతిన్నాడు. వంటింట్లోకి వచ్చేముందు తలుపు తట్టేవాడు. తిన్న కంచం కడిగి బోర్లించేవాడు. కూర బాగుందండీ అనేవాడు, ఉప్పు ఎక్కువైన రోజున కూడా. కావాలని రెచ్చగొట్టాను. నీ పుస్తకం చిత్తుకాగితాలవాడికి వేసేశానని అబద్ధం చెప్పాను. ఫరవాలేదండీ, ఇంకోటి రాస్తాను అన్నాడు. ఒక సాయంత్రం తట్టుకోలేక స్టీలు గ్లాసు వాడి వైపు విసిరాను. గోడకి తగిలి సొట్టపడింది. వాడు గుడ్డ తెచ్చి, ఒలికిన నీళ్లు తుడిచి, మీ ఒంట్లో బాగా లేనట్టుంది అన్నాడు. ఎదురింటావిడ, మీ తమ్ముడు ఎంత బుద్ధిమంతుడయ్యాడమ్మా అని నన్ను అభినందించింది. ఆవిణ్ణి కొట్టినంత పని చేశాను.

పద్దెనిమిదో రోజున మద్దిలపాలెంలో ఒక గది చూసుకున్నానని చెప్పాడు. మీకు అనవసరంగా ఇబ్బంది కదండీ అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్లిపోతానన్నాడు.

అంతకంటే పెద్ద భయం పైడిరాజు దగ్గర ఉంది. రోజూ పరీక్ష పేరుతో వాడికి పట్టీ పెట్టి, ఆ మూసుకున్న దారి ఎలా ఉందో తెర మీద చూస్తున్నాం. నడవని దారిలో గడ్డి మొలుస్తుంది కదా. మొదట్లో నేను గదిలోకి వస్తే గీత కాస్తయినా కదిలేది. రోజురోజుకీ ఆ కదలిక సన్నబడిపోతోంది.

"ఇలగే ఉంటే నెల దాటదు మేడమ్. ఆ మీద పట్టీ పెట్టినా ఏటీ లాభం నేదు" అన్నాడు పైడిరాజు.

మళ్లీ రాయిస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. రాయించాను. బంధువులు: అక్క, నీరజాక్షి అని నేను చెబుతుంటే వాడు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు, మీకు సాయపడితే సంతోషమే అంటూ. గీత చాప మీద దారంలా పడుకునే ఉంది. చెయ్యి రాసింది, మనిషి రాయలేదు. ఆట పుస్తకంలో వాడు పెట్టిన మొట్టమొదటి నియమం కూడా అదే. ఎవరి పాత్రని వాళ్లే తయారు చేసుకోవాలి, పక్కవాడు చెప్పి రాయిస్తే చెల్లదు. నేను ఎర్ర సిరాతో కొట్టేసిన అధ్యాయంలో మొదటి వాక్యం అది.

ఈ రోజులన్నిటిలో నన్ను తొలిచేసింది ఒకటే ప్రశ్న. వాడు ఆ మాట కావాలనే రాశాడా? పొద్దున్న నోటితో అన్నదే మధ్యాహ్నం కాగితం మీద పెట్టాడా? అడిగాను. గుర్తుంది గానీ, అప్పుడు నా ఉద్దేశం ఏమిటో ఇప్పుడు అంత ముఖ్యం అనిపించట్లేదండీ అన్నాడు. ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు.

ఇరవై రెండో రోజు. వాడు గది కోసం దుప్పట్లు కొనుక్కోవడానికి బయటికి వెళ్లినప్పుడు, వాడి మంచం కింది రేకుపెట్టె బయటికి లాగాను. వాడి పాత్ర కాగితాలన్నీ అందులోనే దాచుకుంటాడు. ఆటల్లో చచ్చిపోయిన వీరులవి కూడా. ఒక్కొక్కటే తీశాను. మాంత్రికులు, విలుకాళ్లు, ఒక మరుగుజ్జు కమ్మరి, ఒక దొంగ. కాలేజీ రోజులవి, ఇంటర్ రోజులవి, తొమ్మిదో తరగతివి. నలభై ఒకటి ఉన్నాయి. ప్రతిదానిలోనూ బంధువుల గడిలో అదే మాట, అదే ఒంపుతో, చివరి అక్షరం కింద అదే చిన్న గీతతో. అసలు కాగితంలోని మాట కూడా అచ్చం అలాగే ఉంది. కోపంతో రాసింది కాదు. ఆ గడి కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటది రాసేసింది. నేను చదివి ఉంటే నాలుక కరుచుకుని దిద్దుకునేవాడు.

అక్కడితో ఆపేసి ఉంటే నాకు హాయిగా ఉండేది. పెట్టె అడుగున ఇంకొక కాగితం ఉంది. రూళ్ల నోటుపుస్తకంలోంచి చింపింది, పెన్సిలుతో నింపింది.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. నాకు పదిహేడేళ్లప్పుడు ఒక విదేశీ నావికుడు ఓడ దిగుతూ వదిలేసిన పెట్టె ఒకటి ఇంటికి తెచ్చారు. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక. వేసవి సెలవులు. ఏమీ తోచక నేను ఆ నియమాలు తెలుగు చేసి, మా పన్నెండేళ్ల తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆ ఆటకి మొదటి సూత్రధారిని నేను. సూత్రధారి అనే మాట పెట్టింది కూడా నేనే.

ఆ కాగితం మీద వంకర అక్షరాలతో ఇలా ఉంది. బంధువులు: అక్క ఒకతి. కోపిష్టిది. కానీ ఎప్పుడొచ్చినా తలుపు తీస్తుంది.

చదువుతూ నేల మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ ఆట నాకు మొత్తం గుర్తొచ్చింది. గుర్తు లేదని ఇన్నేళ్లూ అనుకున్నానేమో.

మర్నాడు వాణ్ణి పైకి పిలిచాను. ఆఖరి పరీక్ష అన్నాను. వాడు బుద్ధిగా కూర్చుని పట్టీ పెట్టుకున్నాడు. పైడిరాజు తెర దగ్గర నిలబడ్డాడు. ఆ పెన్సిలు కాగితం వాడి ముందు పెట్టి, మొదటి ఆట సంగతి చెప్పాను. వాడికి తెలిసిందే. నా వైపునుంచి మాత్రం ఎప్పుడూ విని ఉండడు. కాగితం చూడగానే నాకు ఆశ పుట్టిందని చెప్పాను. వీడి బలహీనత దొరికిందనుకున్నాను. రెండో వారంలోనే ఆ కాగితం అక్కని రాక్షసుడు ఎత్తుకుపోయేలా చేశాను. కోట నేలమాళిగలో పడేయించాను. విడిచిపెట్టాలంటే ఏమిస్తావని రాక్షసుడి గొంతుతో అడిగాను.

"అతను ఏమిచ్చాడండీ?" అన్నాడు శ్రీవత్స. ఆటల గురించి కాబట్టి కాస్త ఆసక్తిగానే అడిగాడు.

కత్తి ఇచ్చాడని చెప్పాను. డాలు ఇచ్చాడు, గుర్రాన్ని ఇచ్చాడు. వారం రోజులు కష్టపడి గెలుచుకున్నవన్నీ ఇచ్చేశాడు. ఇంకా అడిగితే, ఇంకేం లేవని చొక్కా జేబులోంచి నిజం గోళీలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి కూడా తీసుకున్నాను. అప్పుడు తలుపు తియ్యమన్నాను. తీశాడు. లోపల మీ అక్క ఎప్పుడో చచ్చిపోయి ఉందని చెప్పాను.

"పాచికలో ఎంత పడింది?"

"పాచిక వెయ్యలేదు."

వాడు తల ఎత్తాడు. "వెయ్యకుండానే చెప్పారా?"

"అవును."

"అది అన్యాయం కదండీ" అన్నాడు. గొంతు కాస్త పెరిగింది. "అన్నీ తీసుకున్నాక పాచిక వెయ్యాలి. సూత్రధారి అయినా సరే వెయ్యాలి. మొదటి ఆట ఆడే పిల్లాడితో అలా ఎవరైనా చేస్తారా?"

"కదిలింది మేడమ్" అన్నాడు పైడిరాజు మెల్లగా. "ఆపకండి. చెప్పండి."

నాకు అర్థమైంది. ఇరవై మూడు రోజులుగా నేను తప్పు తలుపు తడుతున్నాను. వండిపెట్టాను, బతిమాలాను, పాత ఫొటోలు చూపించాను. ప్రేమ వైపునుంచి ఆ దారికి ప్రవేశమే లేదు. మా ఇద్దరి మధ్య ఏముందో అదే అక్కడ మిగిలి ఉంది. సరే, అదే ఇచ్చాను. వాడు రెండు రోజులు ఏడిస్తే నవ్వానని చెప్పాను. ఏడుస్తున్న సంగతి వీధిలో పిల్లలందరికీ చెప్పి, అనాథ వీరుడా అని పిలిపించానని చెప్పాను. ఆ పేరు వాడికి ఎస్సెస్సీ దాకా ఉంది. గోళీలు తిరిగి ఇవ్వలేదని చెప్పాను. వాడు ఆ తర్వాత రాసిన ప్రతి కాగితంలో ఆ గడి ఎందుకు అలా నిండిందో నిన్నటిదాకా నాకు తట్టలేదని చెప్పాను. సిగ్గుగా ఉంది. వాడు నన్ను అసహ్యించుకుంటే బాగుండునని అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

వాడు పెన్సిలు కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి, ఆ ఎగిరిపడుతున్న గీత నాదేనా అని పైడిరాజుని అడిగాడు. నీదే బాబూ అన్నాడతను.

"నాకు ఎవరి మీదో చాలా కోపంగా ఉందండీ" అన్నాడు నాతో, ఇంకా మర్యాదగానే. "ఎవరి మీదో సరిగ్గా అందట్లేదు. ఇంత కోపం ఊరికే పోనిచ్చుకోవడం నాకిష్టం లేదు. ఖాళీ కాగితం ఉందా?"

అసలు కాగితం ఒకటి ఇచ్చాను. ఈసారి ఏమీ చెప్పలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాను. కలం చప్పుడు చాలాసేపు వినిపించింది. వాడు పాత్రలు రాసేటప్పుడు అంతే, ఆరు గుణాల మధ్య పాయింట్లు అటూ ఇటూ మారుస్తూ సాగదీస్తాడు. చివరికి కాగితం నా వైపు తోశాడు.

నియమం ప్రకారం పైకి చదివాను. పేరు, వయసు, చదువు, భయాలు. ప్రతిదానికీ తలూపాడు. బంధువుల గడి దగ్గర ఆగిపోయాను. అది ఖాళీగా ఉంది. పైడిరాజు ఏటైంది మేడమ్ అన్నాడు. కిందికి చదువుకుంటూ పోయాను. లోపం అనే గడిలో ఉంది.

"లోపం: అక్క" అని చదివాను.

తలూపాడు.

దానికి వచ్చిన రెండు పాయింట్లూ ఓర్పుకి వేసుకున్నాడు. అది కూడా చదివాను. దానికీ తలూపాడు. సంతకం పెట్టాను. పైడిరాజు మీటలు తిప్పాడు.

ఏడు నిమిషాలు పట్టింది. వాడు కళ్లు తెరిచి ముందు పైకప్పుని చూశాడు, తర్వాత నన్ను. ఆ చూపు నాకు తెలుసు. పన్నెండేళ్లప్పుడు బల్లకి అవతల కూర్చుని నా వైపు అలాగే చూశాడు. పట్టీ పీకి బల్ల మీద పారేశాడు. తీగ కిందికి వేలాడింది.

"ఇరవై మూడు రోజులు హాయిగా ఉన్నాను. నువ్వు ఓర్చుకోలేకపోయావు" అన్నాడు.

అవునన్నాను.

వాడు బల్ల సొరుగు లాగి, అందులోంచి ఇరవై ముఖాల పాచిక తీశాడు. పోర్టునుంచి వచ్చిన ఆ పాతదే, అంచులు అరిగిపోయినది. నా ముందు పెట్టాడు.

"వెయ్యి" అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇరవై నాలుగేళ్లయింది. కత్తి ఇచ్చాను, గుర్రం ఇచ్చాను, గోళీలు కూడా ఇచ్చాను. తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పాచిక వెయ్యి అక్కా."

వేశాను. బల్ల మీద దొర్లి దొర్లి ఆగింది. ఎంత పడిందో వాడూ చూశాడు, నేనూ చూశాను. నాలుగు. నియమం ప్రకారం పది దాటాలి.

నియమాల పుస్తకం రాసినవాడు, నాలుగు పడితే ఏమవుతుందో వాడికి నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది నేను. సూత్రధారిని నేనే కదా.

"తలుపు తీశావు" అన్నాను. "లోపల మీ అక్క ఉంది."

"ఏం చేస్తోంది?"

"తిడుతోంది. ఇంతసేపా రావడానికి అని."

వాడు నవ్వలేదు. క్షమించానని అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. మద్దిలపాలెం గదికి ఆదివారం వెళ్లనే వెళ్లాడు. నీతో ఒకే కప్పు కింద ఉండటం ఇక నావల్ల కాదని మొహం మీదే చెప్పాడు. ఆ రోజు మాత్రం పెన్సిలు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, లేచి, మెట్లు దిగి, కింద తలుపు దభాలున వేశాడు.

పైడిరాజు ఉలిక్కిపడ్డాడు. గడియ ఊడి నేల మీద పడిన చప్పుడు పైదాకా వినిపించింది. రేపు మేస్త్రీని పిలిపించాలి అన్నాను.